బళ్ళారి దాటినాక

రాచర్ల,
జూలై

యేసుమణి గారికి,

నేను స్వర్ణలతను. మీ బ్లెస్సీ మొగుడు కేశవ నా కొడుకు. పిల్లలకు పెళ్ళయి ఐదేండ్లయినాక ఇట్ల పేరు చెప్పి పరిచయం చేసుకోవడం సిగ్గుగానే ఉంది. మనం చూసుకుంది ఒక్కసారే, గిద్దలూరు రిజిస్ట్రారాఫీసు మెట్ల మీద. మీరు ఆ పక్క, మేము ఈ పక్క. మీరు నీలం చీర కట్టుకున్నారు. అంతకంటే మీ గురించి నాకేమీ తెలియదు.

ఫోన్ చెయ్యొచ్చు గదా, ఈ ఉత్తరమేంది అనుకుంటారేమో. మీకు ఫోన్లో మాటలు సరిగ్గా వినపడవని కేశవ ఎప్పుడో చెప్పినాడు. వాట్సాప్ పెడదామంటే నా ఫోన్‌కు వచ్చేవన్నీ మా ఆయన ఫోన్లో గూడ కనబడతాయి. ఎవరు అట్ల పెట్టినారో, ఎట్ల తీసెయ్యాలో నాకు తెలియదు. మా ఆయన సుబ్బయ్య సంగతి మీకు తెలిసిందే. మీ ఊరి పేరు వింటేనే కంచం ముందర నుంచి లేస్తాడు. అందుకని జవాబు మా ఇంటికి రాయొద్దు. మా వీధి చివర మిషన్ కుట్టే కేథరిన్ ఉంది. కవరు మీద ఉండేది ఆమె అడ్రసే. జాకెట్టు కుట్టించుకునే వంకతో పోయి తెచ్చుకుంటా.

సంగతేందంటే, మా ఇంట్లో కరెంటు కారు ఉంది. పెట్రోలు పోసేది కాదు, ఫోన్ మాదిరి చార్జింగు పెట్టేది. మా ఆయనకు కంటి ఆపరేషన్ అయినాక చూపు ఆనక నేనే నడపడం నేర్చుకున్నా. రోజూ గిద్దలూరు పోయొస్తా. ఒకసారి కంభం దాకా గూడ పోయినా. చప్పుడు చెయ్యదు గదా, మా వీధిలో వాళ్ళు "స్వర్ణలత కారు పాల మీదికి పోయే పిల్లి మాదిరి వస్తాది" అంటారు.

మా అంజలికి మూడేండ్లు నిండినాయి. ఫోటోలో తప్ప నేను చూడలేదు. ఆ కారులో హుబ్లీ పోయి చూడాలని ఉంది. ఒక్కదాన్నే పోయి ఆ గడప ముందర నిలబడే ధైర్యం లేదు. పక్కన మీరుంటే బ్లెస్సీ తలుపు తీస్తాది. వస్తారా?

ఏమంటారో తెలియక ఇక్కడితో ఆపేస్తున్నా.

స్వర్ణలత


మార్కాపురం,
జూలై

స్వర్ణలత గారికి,

ప్రభువు పేరట వందనాలు. ఈ పలకరింపు మీ ఇంటికి సరిపడుతుందో లేదో తెలియదు. ఇంకోరకంగా మొదలుపెట్టడం నాకు రాదు.

మీ ఉత్తరం విప్పినప్పుడు పిల్లలకు ఏమన్నా అయిందేమోనని భయపడినా. రెండోసారి చదివినాక అర్థమయింది. మూడోసారి పిల్లి మాట దగ్గర నవ్వొచ్చింది. హాస్టల్లో పెద్ద పొయ్యిల హోరులో వంట చేసి చేసి నాకు ఎడమ చెవి పూర్తిగా పోయిందమ్మా. కుడి చెవి పరవాలేదు. కారులో నడిపేవాళ్ళు కుడిపక్కనే గదా కూర్చునేది. ఆ మటుకు దేవుడు సరిగ్గానే పెట్టినాడు.

వస్తాను. అది ముందు చెప్పాలి.

అయితే ఒకటి అడుగుతా, ఏమీ అనుకోవద్దు. హుబ్లీ రైలు మా మార్కాపురం రోడ్డు స్టేషన్లోనే ఎక్కొచ్చు, మీ గిద్దలూరు మీదనే పోతుంది. ఇంటి ముందర రైలు పెట్టుకొని ఆ చార్జింగుల తిప్పలెందుకు?

ఇంకొక మాట. దారిలో దావణగెరెలో ఆగాలి. అక్కడ నా పిన్నమ్మ కూతురు ఉంది. నాకంటే చిన్నదే గానీ ఒంట్లో బాగాలేదు. వీలైతే ముందు దావణగెరె చూసుకొని, హుబ్లీ సంగతి తర్వాత చూసుకుందాం.

యేసుమణి


రాచర్ల,
ఆగస్టు

వదిన గారికి,

ఇట్ల పిలిస్తే కోపం రాదు గదా. వరసకు మనం అదే అవుతాం.

రైలెందుకు కాదని అడిగితిరి. రైలెక్కితే దిగేదాకా మన చేతిలో ఏమీ ఉండదు. కారైతే మనసు మారితే తిప్పుకోని రావొచ్చు. నిజం చెప్తే నాకు పోవాలని ఎంతుందో, సగం దారిలో తిప్పుకోని వచ్చేద్దామని గూడ అంతే ఉంది. ఎందుకో నన్ను అడగొద్దు.

ఇక దారి. నిండా చార్జింగు పెట్టినా ఈ కారు ఒక్క బిగిన బళ్ళారి చేరదు. నంద్యాలలో ఒకసారి, గుత్తి దగ్గర ఇంకోసారి పెట్టుకోవాల. పెట్టిన చోటల్లా గంటసేపు కూర్చోవాల. దిగువమెట్ట ఘాటు ఎక్కేటప్పుడు చార్జింగు గడగడా తాగేస్తాదట, దిగేటప్పుడు కొంచెం మళ్ళీ ఎక్కుతాదట. బండి దిగుతుంటే చార్జింగు ఎట్ల ఎక్కుతాదో నాకైతే అర్థం కాలేదు. గుత్తి దగ్గర హోటలుకు ఫోన్ చేస్తే ఒకాయన "మిషన్ ఉందమ్మా, పనిచెయ్యదు" అన్నాడు. మళ్ళీ చేస్తే ఇంకొకాయన "పనిచేస్తాదమ్మా, ఇప్పుడు ఇక్కడ లేదు" అన్నాడు. ఇద్దరిలో ఎవరిని నమ్మాలో చెప్పండి.

బళ్ళారి దాకా నాకు బాగానే ఉంది. బళ్ళారి దాటినాకే మీ మాట అర్థం కావడం లేదు. దావణగెరె ఒక పక్క, హుబ్లీ ఇంకో పక్క. పెట్రోలు కారైతే అట్ల తిరుగుదాం, ఇట్ల తిరుగుదాం అనుకోవచ్చు. ఇది ఎక్కడికి పోతామో తెలియందే కదలని బండి. పైగా నేను గదగ్‌లో ఆగాల. అక్కడ చార్జింగు బాగుంటుందట. గదగ్ అయితే హుబ్లీ దారిలోనే ఉంది. మీ చెల్లెలిని వచ్చేటప్పుడు చూసుకుంటే కుదరదా?

స్వర్ణలత


మార్కాపురం,
ఆగస్టు

వదినా,

మీరు పిలిచినాక నేను పిలవకపోతే బాగుండదు.

పక్కింట్లో ఫిన్నీ మాస్టారు మ్యాపు పరిచి చూపించినాడు. వేలు పెట్టి చూసినా. మీరన్నది నిజమే. బళ్ళారి దగ్గర దారి చీలిపోతుంది. అయినా మనం దావణగెరె పోతే సరిపోతుంది వదినా. హుబ్లీ దాకా పోనక్కర్లేదు. గదగ్ అసలే వద్దు. చార్జింగు దావణగెరెలో లేకుండా పోతుందా, అంత పెద్ద ఊరు!

దారిలో తినడానికి జొన్నరొట్టెలు, చెనిగ్గింజల కారం చేసుకోని వద్దామనుకుంటున్నా. నేను వండింది మీరు తింటారో తినరో ఎదురుగా అడగాలంటే నోరు రాదు. అందుకని కాగితం మీద అడుగుతున్నా. తినకపోతే అరటిపండ్లు పెట్టుకొస్తా, నాకేమీ బాధ లేదు.

ఇంకోటి. కారు మీ దగ్గర ఎప్పటి నుంచి ఉంది? కేశవ కరెంటు కారు కొన్నాడని, దానిలోనే పనికి పోతున్నాడని బ్లెస్సీ చెప్పినట్టు గుర్తు. నాకే సరిగ్గా వినపడలేదేమో.

యేసుమణి


రాచర్ల,
ఆగస్టు

వదినా,

తల తిరుగుతాంది. మీరు రాసింది కేథరిన్ దగ్గర నిలబడి చదివినా, ఇంటికొచ్చి చదివినా, పొద్దున గొర్రెల దొడ్డి కాడ గూడ చదివినా. హుబ్లీ పోనక్కర్లేదంటే ఏంది? అంజలి హుబ్లీలో గదా ఉండేది? పిల్ల ఉండే ఊరికి పోకుండా మీ చెల్లెల్ని చూసి రావడానికా నేను ఘాటెక్కేది?

కారు ఉగాది నుంచి మా దగ్గరే ఉంది. పండగ మూడో రోజు కేశవ ఒక్కడే తెచ్చినాడు. "కంపెనీ జీపు ఇచ్చిందమ్మా, దీన్ని నువ్వు వాడుకో" అని తాళం నా చేతిలో పెట్టి రైలెక్కి పోయినాడు. వాడికి ఆ కారంటే ప్రాణం. కొన్న కొత్తలో రోజుకొక ఫోటో పంపేవాడు. అట్లాంటోడు తాళం ఇచ్చేటప్పుడు కారు దిక్కు చూడలేదు. గాలిమరల కాడ పని గదా, ఎండకు మనిషి నల్లగా అయిపోయినాడు, అన్నం సగంలో లేసినాడు. నేను అడిగితే ఏందో చెప్పినాడు. ఏం చెప్పినాడో మీకు రాయొచ్చో లేదో నాకు తెలియదు, ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాడు.

మీకేమన్నా తెలిస్తే సూటిగా రాయండి. ఈ చెల్లెలి కథ నేను నమ్మడం లేదు.

స్వర్ణలత


మార్కాపురం,
సెప్టెంబరు

స్వర్ణలత గారికి,

చెల్లెలు లేదు. నా పిన్నమ్మకు కూతుళ్ళే లేరు. దేవుడు నన్ను క్షమించాలి.

మే నెలలో బ్లెస్సీ అంజలిని ఎత్తుకొని ఇక్కడికి వచ్చింది. "అమ్మా, దావణగెరె ఆసుపత్రిలో పగటి డ్యూటీ దొరికింది. మేమిద్దరమే పోతున్నాం" అనింది. ఇద్దరం అంటే తానూ కేశవా అనుకొని సంతోషపడి ప్రార్థన గూడ చేయించినా. ఇద్దరం అంటే తానూ అంజలీ అని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి తల్లీ బిడ్డా దావణగెరెలో ఉన్నారు. కేశవ ఎక్కడున్నాడంటే చెప్పదు. కొట్టినాడా అంటే లేదంటుంది. తాగుతాడా అంటే లేదంటుంది. మరి ఏందమ్మా అంటే "ఏమీ లేదమ్మా" అంటుంది. ఏమీ లేకుండానే మొగుడూ పెళ్ళాం రెండు ఊర్లలో ఉంటారా?

మీకు చెప్పొద్దని మాట తీసుకుంది. "వాళ్ళకు తెలిస్తే సంబరపడతారమ్మా" అనింది. నేనూ అట్లే అనుకున్నా. అందుకే మీరు కారు, హుబ్లీ అని రాసినప్పుడు, ఈమెకు తెలిసే నన్ను పరీక్ష చేస్తా ఉందేమో అనుకున్నా. తెలియదని ఇప్పుడు నమ్ముతున్నా.

రావాలో వద్దో మీరే చెప్పండి. నాకైతే ఏమీ తోచడం లేదు.

యేసుమణి


రాచర్ల,
అక్టోబరు

వదినా,

నెల దాకా జవాబు రాయలేదు. రాసినా, చించేసినా. సంబరపడతారన్న మాట గొంతులో ముల్లు మాదిరి దిగబడింది. ఎవరు సంబరపడతారు? నేనా? ఆ కోపం మీ మీదనా, బ్లెస్సీ మీదనా, నా మొగుడి మీదనా, ఎవరి మీదో గూడ తెలియలేదు.

కేశవ నాకు చెప్పింది ఇది: వాడు గదగ్‌లో ఒక్కడే ఉంటున్నాడు, బ్లెస్సీ, పాప హుబ్లీ ఇంట్లోనే ఉన్నారని. దావణగెరె పేరే ఎత్తలేదు. అంటే నా కొడుకు నాకు సగమే చెప్పినాడు, మీ కూతురు మీకు సగమే చెప్పింది. ఆ సగాలు పట్టుకోని మనం రెండు నెలలు రోడ్డు మ్యాపుల మీద కొట్లాడినాం.

ఇంకో సంగతి జరిగింది. మీ ఉత్తరం వచ్చిన రోజు మా ఆయన చొక్కా గుండీ కోసం కేథరిన్ దగ్గరికి పోయినాడు. ఆమె ఏదో పనిలో ఉండి, "అన్నా, మీ ఇంటికే" అని కవరు ఆయన చేతికే ఇచ్చింది. విప్పలేదు. తెచ్చి కారు బానెట్ మీద పెట్టి నిలబడినాడు.

"మార్కాపురం నుంచి నీకు ఎవరు రాస్తారు?"

"అంజలి వాళ్ళ అమ్మమ్మ."

"అంజలి ఎవరు?" అన్నాడు.

ఎకసక్కెం కాదు, నిజంగానే అడిగినాడు. మూడేండ్ల మనవరాలి పేరు ఆ మనిషికి తెలియదు. తెలిసేదెట్ల? నేను ఆయన ముందర ఎప్పుడు పలికినా గనక? చెప్పినా. ఎక్కడికి పోవాలనుకుంటున్నానో, ఎవరితో పోవాలనుకుంటున్నానో గూడ చెప్పినా. అరుస్తాడేమోనని చూసినా. అరవలేదు. దొడ్డి దాకా పోయి, మళ్ళీ వెనక్కొచ్చి, "దిగువమెట్ట దాటినాక కోతులుంటాయి. అద్దాలు దించొద్దు" అన్నాడు. అది సరేననడమో, బెదిరించడమో ఇప్పటిదాకా నాకు తెలియలేదు. నేనైతే సరే అన్నట్టే పట్టుకున్నా.

దసరా పోయినాక వచ్చే సోమవారం మబ్బులోనే, తెల్లారకముందే బయలుదేరదాం. నువ్వు ముందురోజు బస్సుకు గిద్దలూరు వస్తే బస్టాండు నుంచి మా ఇంటికి తీసుకొస్తా. ముందు దావణగెరె. నిన్ను అక్కడ దింపి, నేను పాపను చూసి, గదగ్ పోతా. ఇద్దరినీ ఒకేచోట చూడాలనుకుంటే ఇప్పుడు కుదిరేది కాదు.

రొట్టెల సంగతి అడిగినావు. తింటానా లేదా అని అడగొద్దు. ఎన్ని చేస్తావో అది రాయి. నేను ఆకలికి ఆగలేను.

నీ వదిన,
స్వర్ణలత


గదగ్,
అక్టోబరు

వదినా,

కేశవ గదిలో కూర్చోని రాస్తున్నా. కిటికీలోంచి చూస్తే ఆ గాలిమరలే. ఒకటి తిరుగుతుంటే ఇంకోటి ఊరికే నిలబడి ఉంటాది. ఒకటే గాలి గదా, అట్లెందుకని అడిగితే వాడు ఏందో చెప్పినాడు, నాకు ఎక్కలేదు.

ఆ పొద్దు దావణగెరెలో గేటు కాడ బ్లెస్సీ నాతో ఏమనిందో నీకు వినపడలేదు. నువ్వు అప్పటికే మెట్లెక్కుతున్నావు. అందుకని రాస్తున్నా. నన్ను లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. "అత్తా, నువ్వు పాపను చూడడానికి వచ్చినావా, నన్ను తీసుకుపోవడానికి వచ్చినావా?" అని అడిగింది.

"నాకే తెలియదమ్మా" అన్నా.

"సరే, తెలిసినాక చెప్పు. ముందు కాళ్ళు కడుక్కో" అనింది.

ఇప్పటిదాకా ఆ అమ్మాయిని నేను లెక్కలేనిదనుకున్నా. ఆ మాటతో ఎందుకో భయం పోయింది. అంజలి నన్ను చూసి ఏడవలేదు గదా! నా గాజులు పీకి తన కాలికి తొడుక్కుంది. ఇంకా కండ్ల ముందరే ఉంది.

కేశవకు వండిపెట్టినా. తిన్నాడు. ఆ తర్వాత అడిగినా. "ఏం జరిగింది రా?"

"ఏమీ జరగలేదమ్మా. దావణగెరెలో పగటి డ్యూటీ వస్తాంది, పోనా అని అడిగింది. నీ ఇష్టం అన్నా."

"అంతేనా?"

"అంతే. నేను నెలలో ఇరవై రోజులు సైటులోనే ఉంటా. ఆమె హుబ్లీలో రాత్రి డ్యూటీలు చేసుకుంటా, పిల్లను పక్కింట్లో పడుకోబెట్టుకుంటా ఎంత అవస్థ పడిందో నాకు తెలుసు. పోవద్దని ఏ మొహం పెట్టుకోని అంటా? అందుకే నీ ఇష్టం అన్నా."

"మరి కారెందుకు రా మా ఇంట్లో పెట్టినావు?"

"ఆమె చేరతానని చెప్పిన పొద్దున్నే ఇక్కడికొచ్చేసినా. వెనక సీటు చూసినప్పుడల్లా పాప ఉన్నట్టే ఉంటుండె. నడపలేకపోయినా" అన్నాడు.

నాకు ఇందులో తప్పు ఎక్కడుందో దొరకలేదు. దొరికితే దిద్దేదాన్ని. నువ్వు అక్కడ కనుక్కోని రాయి.

స్వర్ణలత


దావణగెరె,
అక్టోబరు

వదినా,

నీ ఉత్తరం చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నా, ఏడ్చినా. ఏది ముందో ఏది వెనకో.

నేను ఇక్కడే ఉండిపోయినా. బ్లెస్సీ డ్యూటీకి పోతే అంజలిని చూసుకుంటా ఉన్నా. నిన్న జడ వేస్తా మెల్లగా అడిగినా. ఏం చెప్పిందో తెలుసా?

"పోనా అని అడిగినానమ్మా. నీ ఇష్టం అన్నాడు. వద్దు, ఉండు అని ఒక్క మాట అంటాడేమోనని సంతకం పెట్టే రోజు దాకా చూసినా. బట్టలు సర్దే రోజు గదగ్ నుంచి వచ్చి ఎదురుగా నిలబడి చూసినాడు. అప్పుడు గూడ నీ ఇష్టం అన్నాడు. నేను ఉన్నా ఒకటే, పోయినా ఒకటే అన్నట్టు."

అదే మాట వదినా. నీ కొడుకు నీకు చెప్పిందీ అదే, నా కూతురు నాకు చెప్పిందీ అదే. మా ఆయన బతికుండగా నీ ఇష్టం అన్నాడంటే ఆ రోజుకు నాతో మాట్లాడడని అర్థం. మా నాయన నీ ఇష్టం తల్లీ అంటే అడిగింది కొనిస్తాడని అర్థం. కేశవ ఏ అర్థంతో అన్నాడో వాడికి తెలుసు, ఏ అర్థంతో వినిందో ఈమెకు తెలుసు. మధ్యలో మనం ఏం చెప్పాలి? వాడు అన్నది ఇది అని నేను చెప్పబోతే, "వాడి తరఫున నువ్వు మాట్లాడొద్దమ్మా, వాడికి నోరుంది" అనింది.

నువ్వు వాడిని తీసుకోని ఇక్కడికి వస్తావా? వస్తే మంచిదో చెడ్డదో నాకు తెలియదు. రావొద్దని రాయడానికి గూడ చెయ్యి ఆడడం లేదు.

యేసుమణి


రాచర్ల,
నవంబరు

వదినా,

నేను రైల్లో ఇంటికొచ్చేసినా. కారు గదగ్‌లోనే వదిలేసినా.

వాడిని దావణగెరె తీసుకురావాలనే ఉండె. చొక్కా గూడ ఇస్త్రీ చేసినా. కారు దాకా వచ్చి నిలబడినాడు. "నువ్వు రమ్మంటే వస్తానమ్మా" అన్నాడు. అంటే మళ్ళీ నా ఇష్టమే గదా! గొర్రెను మెడకు తాడేసి ఎన్ని దొడ్లకన్నా తోలుకపోవచ్చు, మొగుణ్ణి పెళ్ళాం దగ్గరికి అట్ల తోలుకపోతే ఏం బాగుంటాది? నాకు కోపమొచ్చింది. తాళం వాడి చేతిలో పెట్టినా. "నిండా చార్జింగు ఉంది. నడుపుతావో, ఆ గాలిమర కింద తుప్పు పట్టిస్తావో, నేను చెప్పను" అని ఆటో ఎక్కినా. రైల్లో హోస్పేట దాకా ఏడుస్తా వచ్చినా. చేసింది సరో తప్పో ఇంకా తెలియదు. ఇంత దూరం పోయి, ఇద్దరినీ కలపలేక, కారు గూడ పోగొట్టుకోని వచ్చిన దాన్ని నేనే.

గిద్దలూరు స్టేషన్లో మా ఆయన ఆటో పెట్టుకోని ఉన్నాడు. రాచర్ల గేటు దాటినాక, "ఎవరి పోలిక?" అన్నాడు. ఫోటో చూపించినా. ఫోన్ దగ్గరికి, దూరానికి జరిపి చూసినాడు. తెల్లారి కేథరిన్ మా ఇంటికొచ్చి అడుగుతాంది, "వదినా, మూడేండ్ల పిల్లకు గౌను కుట్టమని అన్న చెప్పి పోయినాడు. ఏ పిల్లకు? కొలతలేవి?" అని. భుజం, పొడుగు చూసి రాయి.

కేశవ దగ్గర నుంచి ఏమీ లేదు. ఫోన్ చేస్తే పనిలో ఉన్నానంటాడు. అక్కడేమన్నా కబురుందా?

స్వర్ణలత


దావణగెరె,
నవంబరు

వదినా,

కొలతలు కాగితం వెనక రాసినా. అంజలి నిలబడదు, వేలెడు అటూ ఇటూ ఉంటుంది. కొంచెం వదులుగానే కుట్టమను.

కబురుంది. అందుకే ఆదివారం నుంచి రాద్దామని కూర్చుంటా, లేస్తా ఉన్నా. జరిగింది జరిగినట్టు రాస్తా. అర్థం నువ్వే చూసుకో.

మేము ప్రార్థన అయినాక గుడి నుంచి వచ్చేసరికి మన కారు వీధిలో ఉంది. కేశవ లోపలే కూర్చొని ఉన్నాడు. బ్లెస్సీ చూసింది. చూడనట్టు అంజలి చెయ్యి పట్టుకొని మెట్లెక్కబోయింది. అంజలి ఆగుతుందా! చెయ్యి విదిలించుకొని పోయి కారెక్కి పాటలు పెట్టమనింది. తండ్రీ బిడ్డా వీధిలోనే కారులో కూర్చొని పాటలు విన్నారు. బ్లెస్సీ పైకి పోయి వంట చేసింది. ఎవరికి చేస్తా ఉందో చెప్పలేదు గానీ బియ్యం ఎక్కువే పోసింది.

నేను అంజలి నీళ్ళ సీసా తేవడానికి కిందికి పోయినా. నీ పక్కన అంత దూరం కూర్చొని వచ్చినా గదా, చార్జింగు ఎంతుందో చూపించే అంకె ఎక్కడుంటుందో నాకూ తెలుసు. సగానికి పైనే ఉంది.

ముగ్గురం పైకి వచ్చినాం. కేశవ గడప అవతలే నిలబడినాడు. బ్లెస్సీ దిక్కు చూడకుండా, "చార్జింగు అయిపోయింది. ఈ పొద్దు గదగ్ పోలేను" అన్నాడు.

నోరు తెరిస్తే ఏమవుతుందో, మూసుకుంటే ఏమవుతుందో. మూసుకున్నా.

బ్లెస్సీ గరిటె కింద పెట్టింది. తర్వాత "ఇక్కడ మామూలు ప్లగ్గే ఉంది. పొద్దున దాకా పడుతుంది" అనింది.

"పట్టనీ" అన్నాడు.

"డ్యూటీ?"

"లీవు పెట్టినా. నేను రావాలనుకున్నా బ్లెస్సీ. నువ్వు బయలుదేరినప్పుడే రావాలనుకున్నా. నువ్వు వద్దంటావేమోనని..." అని ఆగిపోయినాడు. మిగతాది నాకు వినపడలేదో, వాడు అననే లేదో తెలియదు.

బ్లెస్సీ పోయి ఫ్రిజ్ ప్లగ్గు పీకింది. అక్కడ పొడుగు వైరు పెట్టి కిటికీలోంచి కిందికి వదిలింది. కేశవ కిందికి పోయి అందుకున్నాడు. ఈమె పైన, వాడు కింద, మధ్యలో ఆ వైరు. చిక్కు పడితే ఇద్దరూ చెరొక పక్క నుంచి లాగి విడదీసినారు.

నాకు మనసు ఆగలేదు. ముగ్గురం తిన్నాక, వాడు అంజలిని పడుకోబెడతా ఉంటే, బ్లెస్సీ దగ్గరికి పోయి, "ఫ్రిజ్‌లో పాలు విరిగిపోతాయి. కారులో చార్జింగు ఉన్నట్టుంది. ఆ వైరు తీసేద్దామా?" అన్నా.

నా చెవి దగ్గరికి వచ్చి చెప్పింది. "సగం పైనే ఉంది. గుడి నుంచి వచ్చేటప్పుడే అద్దంలోంచి చూసినా. ఉండనీ అమ్మా."

వైరును ఉండనీ అనిందో, మనిషిని ఉండనీ అనిందో నాకు అర్థం కాలేదు వదినా. మళ్ళీ అడగలేదు. పాలు విరిగిపోయినాయి. పొద్దున ముగ్గురం కూర్చొని పాలు లేని టీ తాగినాం.

నీ వదిన,
యేసుమణి